ఎడమ చేతి గాలి

కరెంటు పోయింది. పోతే ఇందాక పోవచ్చు, ఇంకాసేపటికి పోవచ్చు. అలా కాదు, పరీక్షకు నా పేరు పిలిచి, నేను వచ్చి కూర్చుని, కుడి చేయి కీబోర్డు మెట్ల మీద పెట్టి, ఆర్కెస్ట్రా నడిపే రాజేశ్వర్ రావు గారు "ఊఁ, షురూ చెయ్యమ్మా" అన్నాక పోయింది. పైన ఫ్యాన్లు కొంచెంసేపు తమ ఊపులో తామే తిరిగి, మూలుగుతూ ఆగాయి. కీబోర్డు మీద వెలుగుతున్న చిన్న ఎర్ర దీపం కూడా ఆరింది. హాల్లో అందరూ "అయ్యో" అని, ఒక్కొక్కరే లేచి గుమ్మాల దగ్గరికి గాలికి పోయారు. గంట దాకా రాదట, హనుమకొండ సగం పోయిందట, వర్షం వచ్చేలా ఉందట, ఎవరికి తోచింది వాళ్లు చెబుతున్నారు. "ఉడికి చస్తవ్ బిడ్డా, బయటికొచ్చి కూసోరాదు" అన్నాడు తబలా మొగిలయ్య. నేను లేవను. లేస్తే మళ్లీ ఇందులో కూర్చోనిస్తారని ఏం నమ్మకం? కరెంటు వచ్చేసరికి "పొద్దు పోయింది, ఇంగో రోజు చూద్దం" అంటారు, ఆ ఇంకో రోజు ఎప్పటికీ రాదు. చెమట నడుము దాకా కారినా సరే, ఇక్కడే ఉంటాను. కుర్చీ కూడా తక్కువదేం కాదు, పెళ్లికొడుకు కుర్చీ. ఇది పెళ్లిళ్ల హాలు కదా, వేదిక మీద వేరే కుర్చీ లేకపోతే దీన్నే లాగి వేశారు. ఎర్ర మఖమల్ గుడ్డ, రెండు పక్కలా చేతులు, ఆ చేతుల చివర నోళ్లు తెరుచుకున్న సింహాలు. ఎంతమంది పెళ్లికొడుకులు ఇందులో కూర్చుని చెమటలు కక్కారో. నేనూ కక్కుతాను, ఏం పోయింది.

వెనక వరసలో బాపు ఉన్నాడు. అందరూ బయటికి పోయినా ఆయన పోలేదు. చీకట్లో ముఖం కనపడటం లేదు, పక్క కిటికీలోంచి వచ్చే వెలుతురుకు తెల్ల చొక్కా మాత్రం కనపడుతోంది. దుకాణం తాళాల గుత్తి అప్పుడప్పుడూ చప్పుడవుతోంది. మా బాపు, వీరభద్రం సేటు, మధ్యాహ్నం పూట దుకాణం మూశాడంటే వరంగల్ బట్టల బజారంతా ఎవరికి ఏమైందని అడిగి ఉంటుంది. ఏం చెప్పాడో తెలియదు. నాకు చెప్పింది మాత్రం పొద్దున ఇంట్లో చాయ్ తాగుతూ, నా వైపు చూడకుండా, గోడకేసి చెప్పాడు. "ఒక్కసారి వచ్చి చూస్త. మంచిగ వాయిస్తే నీ ఇష్టం. మల్ల నవ్వులపాలైతే మాత్రం ఆ పెట్టె ముఖం చూడొద్దు. మండిబజార్ల మీ మాస్టర్ మెట్లెక్కొద్దు." అమ్మ ఏదో అనబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. నేను "సరే" అన్నాను. అంత తొందరగా అనాల్సింది కాదేమో గానీ, అప్పుడు ఇంకేమంటాను? బతిమాలడం నాకు రాదు. ఆ సరేలో నాకున్నదంతా పెట్టేశాను. ఈ గంట గడిస్తే తేలిపోతుంది.

ఎడమ పిడికిట్లో దస్తీ ఉంది. నాకు కీబోర్డు నేర్పే లియాఖత్ అలీ మాస్టర్ సాబ్ ఇచ్చిన చేతిరుమాలు, నీలం గళ్లది. ఆయన కరెంటు పోగానే వేదిక ఎక్కి వచ్చి, ఎవరూ చూడకుండా నా చేతిలో పెట్టి, చెవి దగ్గర "కట్టుకో బేటా. మణికట్టుకు కట్టి ఈ సింహం మెడకు ముడెయ్యి. కీబోర్డు అడ్డముంటది, ఎవ్వరికి కనపడది. జర నా మాట ఇను, ఇయ్యాల్టికి" అన్నాడు. పెళ్లి బ్యాండ్లలో క్లారినెట్ ఊది ఊది బుగ్గలు సాగిన మనిషి, ఊరేగింపుల్లో పిచ్చి గుర్రాల పక్కన కూడా సుతి తప్పని మనిషి, నా ఎడమ చేతికి భయపడుతున్నాడు. నవ్వొచ్చింది. కోపం కూడా వచ్చింది. కట్టుకోవాలా, వద్దా? దస్తీ తడిసిపోతోంది.

ఈ ఎడమ చేయి ఏం పాపం చేసిందని? చిన్నప్పటి నుంచి ఇంట్లో పనిచేసింది ఇదే. దుకాణం పై గదిలో శనివారం శనివారం అమ్మ భజన. బజారులోని ఆడవాళ్లంతా వచ్చి కూర్చునేవాళ్లు, కర్పూరం వాసన, కింద నుంచి కొత్త బట్టల గంజి వాసన, రెండూ కలిసి పైకి వచ్చేవి. అమ్మ పాడుతుంటే హార్మోనియం నాది. మెట్ల మీద వేళ్లు ఆడించడం కంటే ముందు అమ్మ నాకు నేర్పింది గాలి కొట్టడం. నా ఎడమ చేతిని తన చేతితో పట్టుకుని వెనక తిత్తి మీద పెట్టి, తెరిచి, మూసి, తెరిచి, మూసి. "వేలు కాదు పాడేది, ఇగో ఈ చెయ్యి. వేలు ఏ మెట్టో చెప్తది, గంతే. దుఃఖముంటే ఈ చేతుల ఉండాలె, సంతోషముంటే ఈ చేతుల ఉండాలె" అనేది. చరణం చివర అమ్మ గొంతు సన్నగా దిగిపోయేటప్పుడు నేను తిత్తిని తట్టీ తట్టనట్టు తట్టేదాన్ని, అమ్మ ఊపిరీ పెట్టె ఊపిరీ ఒక్కచోట ఆగేవి. కింద గల్లా పెట్టె దగ్గర బాపు కూర్చుని ఉండేవాడు, పైకి ఎప్పుడూ రాలేదు, బాగుందని ఎప్పుడూ అనలేదు. కానీ భజన ఉన్నంతసేపూ కింద బట్ట చింపే చప్పుడు వినపడేది కాదు. గిరాకీ వస్తే ఏం చేసేవాడో, ఆగమనేవాడేమో. ఇది నాకు ఇప్పుడు, ఈ ఉక్కలో గుర్తొస్తోంది, ఇంతకాలం ఎందుకు రాలేదో.

ఉక్క. చెవి వెనక నుంచి ఒక చుక్క మెల్లగా మెడ మీదికి దిగుతోంది. తుడుచుకోను. దస్తీతో తుడుచుకుంటే అది దస్తీ అవుతుంది, ఇప్పుడిది తాడు. మాస్టర్ సాబ్ దీన్నే కదా మొదటి నుంచీ వాడింది. మండిబజార్లో ఆయన పై గది, ఇనుప మెట్లు, గోడకు క్లారినెట్, బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ కప్పిన కీబోర్డు. ఊర్లో అప్పుడప్పుడే టీవీలు వస్తున్న రోజులు, హైదరాబాద్ నుంచి కొత్త పెట్టె తెచ్చాడని తెలిసి అమ్మే తీసుకుపోయింది, భజనకు పనికొస్తదేమో చూద్దామని. గుడ్డ తీశాడు. నల్లవి తెల్లవి మెట్లు, హార్మోనియం మీద ఉన్నవే. హాయిగా అనిపించి నొక్కాను. పలికింది. మెల్లగా నొక్కాను, అంతే పలికింది. గట్టిగా నొక్కాను, అంతే. కోపమొచ్చి కొట్టాను, అదే గొంతు, అదే ఎత్తు, ఏమీ కానట్టు. వేలు తీస్తే టక్కున తెగింది. అమ్మ ముఖం చిట్లించి "దీనికి పానం లేదు" అంది, చెప్పులేసుకుంది. నాకు మాత్రం ఒళ్లంతా మండింది. కొట్టినా వినదా? నా కోపం కూడా దీనికి తెలియదా? సంగతేమిటో చూడాలి. మరునాడు ఒక్కదాన్నే వెళ్లాను, ఆ మరునాడు కూడా.

"నొక్కుడు అందరికి వస్తది బేటా. ఎత్తుడు నేర్చుకో" అనేవాడు మాస్టర్ సాబ్. ఒక వేలు లేవకముందే ఇంకో వేలు దిగాలి, అప్పుడే స్వరం స్వరాన్ని పట్టుకుంటుంది. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అక్కడ మాత్రం అన్ని వేళ్లూ లేవాలి. హార్మోనియం మీద నాకు బొటనవేలితో పనే లేదు, పక్కన ఊరికే వేలాడేది. ఇక్కడ అది మిగతా వేళ్ల కిందినుంచి దూరి అవతల మెట్టు పట్టుకోవాలి. ఎన్ని రోజులు అది పక్క మెట్టునే తొక్కిందో. ఇంట్లో కీబోర్డు లేదు, బాపును అడగలేదు. దుకాణంలో థాన్ అయిపోయాక లోపల ఒక చెక్క పలక మిగులుతుంది కదా, బట్ట చుట్టేది, అలాంటిది ఒకటి తీసుకుని మాస్టర్ సాబ్ పెట్టె కొలతలు గజంకర్రతో కొలిచి, సున్నంతో తెల్ల మెట్లు, కాటుకతో నల్ల మెట్లు వేశాను. దాని మీద వాయించాను. చప్పుడు రాని దాని మీద వాయిస్తే తప్పు దాక్కోలేదు, తప్పంతా వేలికే తెలుస్తుంది. సున్నం రాలి చీరకంటేది, అమ్మ చూసి దులిపేసేది. అమ్మ కాళ్లు పిసికేటప్పుడు అమ్మ కాళ్ల మీద, బస్సులో పోచమ్మ మైదాన్ దాకా ముందు సీటు కడ్డీ మీద. పక్కన కూర్చున్న ముసలావిడ ఒకసారి "ఏం లెక్కవెడ్తానవ్ బిడ్డా?" అని అడిగింది. లెక్కే అవ్వా అన్నాను.

కుడి చేయి నేర్చుకుంది. ఎడమది నేర్చుకోలేదు. కుడి చేయి వాయించడం మొదలుపెట్టగానే ఎడమ చేయి తనంత తానే వెళ్లి కీబోర్డు వెనక తిత్తి కోసం వెతికేది, లేని దాన్ని తెరిచి మూసేది. ఎడమ చేయి కార్డ్ పట్టాలి, మూడు వేళ్లు మూడు మెట్ల మీద పెట్టి కదలకుండా ఉండాలి, కింద పీట వేసినట్టు. అది ఉండదు. మాస్టర్ సాబ్ తిట్టాడు, బతిమాలాడు, చివరికి ఈ దస్తీ తెచ్చి మణికట్టుకు కట్టి, మెట్ల దాకా అందేంత, వెనక్కి పోలేనంత వదులుగా కుర్చీ చేతికి ముడేశాడు. నాకప్పుడు బర్రెదూడను కట్టేసినట్టు అనిపించింది. కట్టిన రోజుల్లో బాగానే వాయించాను, ఒక్క తప్పూ రాలేదు. కానీ కట్టిన రోజుల్లో వాయించిందేదీ నాకు గుర్తులేదు, ఒక్క పాట కూడా.

ఇక పోయినేడు వినాయక చవితి. మా బజారు గణపతి దగ్గర వాయిస్తానని నేనే అన్నాను, మాస్టర్ సాబ్ కీబోర్డు అడిగి తెచ్చాను. అంతమందిలో చెయ్యి కట్టుకుంటానా? కట్టుకోలేదు. బల్ల మీద కీబోర్డు, పక్కన కింద మొగిలయ్య తబలా, ఎదురుగా బజారంతా. అమ్మ పాడే మంగళహారతి మొదలుపెట్టాను. మొదటి చరణం బాగా పోయింది, బాగా పోయిందని నాకు ఒళ్లు తెలియలేదు, అప్పుడు ఎడమ చేయి బయలుదేరింది. హార్మోనియమైతే బరువుగా కూర్చుంటుంది, ఎంత కొట్టినా కదలదు. ఇది తేలిక. నేను వెనక మూల నుంచి కొట్టిన కొద్దీ పక్కకు జరిగింది, జరిగింది, బల్ల అంచు దాటి, వైరు తెంపుకుని, వెళ్లి మొగిలయ్య ఒళ్లో పడింది. ఆయన పాపం తబలా వదిలేసి బిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. నా ఎడమ చేయి మాత్రం ఇంకా ఆగలేదు, ఖాళీ గాలిని కొడుతూనే ఉంది. గణపతి తప్ప అందరూ నవ్వారు.

నవ్వితే నవ్వారు, అక్కడితో అయిపోతే బాగుండేది. మర్నాటి నుంచి బాపు బజార్లో నడిస్తే చాలు, ఎవడో ఒకడు దుకాణం గద్దె మీద కూర్చుని ఎడమ చేత్తో గాలి కొట్టేవాడు. మీటరు బట్ట కొనడానికి వచ్చినవాళ్లు కూడా, "సేటూ, గాలి జర ఎక్కువ కొట్టి కొలువు" అని చెయ్యి ఊపేవాళ్లు. నాకు గాలి అరుణ అని పేరు పెట్టారు. బాపు బట్ట చింపేటప్పుడు ఇదివరకటి కంటే గట్టిగా చింపేవాడు. అది నాకు తగిలేది. వాళ్ల నవ్వు తగల్లేదని కాదు, తగిలింది, రెండు రోజులు అన్నం తినలేదు. కానీ నేనేం తప్పు చేశానని తల దించుకోవాలి? చిన్నప్పటి నుంచి ఊపిరి పోసిన చెయ్యి, ఊపిరి లేని పెట్టె దొరికితే ఊపిరి పోయబోయింది. అదేం దొంగతనమా? మాస్టర్ సాబ్ కూడా వైరు అతికించుకుని "రేపు రా" అన్నాడు. వెళ్లాను. బజారు మధ్యలోంచే వెళ్లాను, పక్క గల్లీ ఉన్నా కూడా.

గుమ్మం దగ్గర ఎవరో నవ్వారు. రాంచందర్ అనుకుంటా, కరెంటు పోకముందు వాయించినతను. మంచి వేగం, వేళ్లు కనపడవు. ఒక మీట నొక్కితే డ్రమ్ములు దానంతట అవే మోగాయి, ఇంకోటి నొక్కితే బాజాలు వచ్చాయి, అన్ని మీటలూ నొక్కాడు. జనం చప్పట్లు కొట్టారు. తర్వాత రాజేశ్వర్ రావు గారు కళ్లు మూసుకుని, "ఇగ వయొలిన్ సౌండ్ వెట్టి జర నిమ్మలంగ ఒక దుఃఖం పాట వాయించు" అన్నారు. ఆర్కెస్ట్రాలో వయొలిన్లు వాయించేవాళ్లు ఇప్పుడు ఎవరూ లేరు, ఉన్న కీబోర్డతను హైదరాబాద్ వెళ్లిపోయాడు, వినాయక చవితి పందిళ్లన్నీ ముందున్నాయి, అందుకే ఈ పరీక్ష. రాంచందర్ వాయించాడు. ఒక్క స్వరం తప్పు పోలేదు. బల్ల మీద స్కేలు పెట్టి గీత గీసినట్టు వచ్చింది పాట, మొదటి నుంచి చివరి దాకా ఒకే లావు. ఎవరూ ఏడవలేదు, ఎవరూ దగ్గలేదు కూడా. రాజేశ్వర్ రావు గారు కళ్లు తెరిచి "మంచిగుంది" అన్నారు, అనేటప్పుడు ముఖం మీద మంచి ఏమీ కనపడలేదు. నన్ను అడిగేది కూడా అదే పాట కావాలి దేవుడా, దుఃఖం పాటే కావాలి.

ఎందుకంటే నాకొకటి తెలుసు. మాస్టర్ సాబ్‌కు కూడా తెలియదు. సాయంత్రం పాఠం మధ్యలో ఆయన నమాజుకు కిందికి పోయేవాడు, నా ముడి విప్పి, "వాయిస్తుండు" అని. ఒకరోజు అలా ఒక్కదాన్నే వయొలిన్ సౌండ్ పెట్టుకుని అమ్మ హారతి వాయిస్తుంటే, ఎడమ చేయి మామూలుగానే వెనక్కి బయలుదేరి, దారిలో పెట్టె ఎడమ చివర ఉన్న వాల్యూమ్ మీటకు తగిలింది. తగిలి, దాన్ని పట్టుకుని, ముందుకు జరిపింది. స్వరం ఉబ్బింది. వెనక్కి లాగింది. స్వరం సన్నగిల్లింది. నేను ఆపేసి చేతిని చూశాను. మళ్లీ వాయించాను. తెరిచి, మూసి, తెరిచి, మూసి. ఆ పెట్టె ఊపిరి తీసుకుంది! ఎంత కొట్టినా వినని పెట్టె, నా చేతిలో అమ్మ గొంతు దిగినట్టు దిగింది. మెట్టు మీద వేలు ఇంకా ఉండగానే మీటను పూర్తిగా వెనక్కి లాగేస్తే, స్వరం తెగలేదు, దూరంగా నడిచి వెళ్లిపోయింది. నాకు కళ్లలో నీళ్లు వచ్చాయి, ఒక్కదాన్నే ఉన్నానని ఏడ్చాను కూడా. తల ఎత్తేసరికి పరదా పక్కన మెహరున్నీసా చాచీ, మాస్టర్ సాబ్ భార్య, చేతిలో చాయ్ గిన్నెతో నిలబడి ఉంది. "గిప్పుడు వాయించింది మల్ల వాయించు" అంది. వాయించాను. చాయ్ చల్లారిపోయింది. "ఆయనకు చెప్పకు" అంది, "ఆయన వింటే మీట మీద చెయ్యి ఎయ్యనియ్యడు." నిజమే, తర్వాత ఒకసారి ఆయన ముందే చేయబోతే మండిపడ్డాడు. "వాల్యూమ్ ఒకసారి వెట్టి ఇడిశెయ్యాలె! అదేమన్న రేడియోనా? ఎడమ చెయ్యి కార్డుకు, గంతే. పోయిన చవితి యాద్ లేదా?" యాద్ ఉంది. అందుకే ఆయన నమాజుకు పోయినప్పుడల్లా వాయించాను. చాచీ పరదా వెనక కూర్చుని బియ్యం ఏరుకుంటూ వినేది.

ఈ కీబోర్డు వేరు, దీన్ని ఇవాళే చూశాను. మాస్టర్ సాబ్ దాని కంటే వెడల్పు, మెట్లు ఎక్కువ. కుర్చీలో కూర్చోగానే మొదట వెతికింది ఆ మీటనే. ఉంది, ఎడమ చివరనే ఉంది, దేవుడి దయ. ఇప్పుడు చీకట్లో వేలు పెట్టి తడుముతున్నాను. కొంచెం గట్టిగా ఉంది, ఎవరూ కదపరు కదా. జరుపుతున్నాను, లాగుతున్నాను. కరెంటు లేదు, చప్పుడు లేదు, నాకు అలవాటే, సున్నం మెట్ల మీద వాయించినదాన్ని. ఒక్కటే చిక్కు, ఈ సింహం. వెనక్కి లాగినప్పుడల్లా మోచెయ్యి దాని తలకు తగులుతోంది. కుర్చీ జరుపుదామంటే ఒక్కదాని వల్ల జరగదు, పెళ్లికొడుకు బరువంతా కుర్చీలోనే పెట్టి చేసినట్టున్నారు. తగిలితే తగలనీ.

కట్టుకోవాలా, వద్దా? కట్టుకుంటే నవ్వరు. కార్డు పట్టుకుని, తప్పు లేకుండా, రాంచందర్ లాగా వాయిస్తాను. బాపు దుకాణానికి తల ఎత్తుకుని పోతాడు, మాస్టర్ సాబ్ భయం పోతుంది, నాకు ఆర్కెస్ట్రాలో కుర్చీ రావచ్చు కూడా. వచ్చి? పందిరి పందిరికీ మణికట్టుకు ముడేసుకుని కూర్చుంటానా? కట్టుకోకపోతే ఆ చేయి ఊగుతుంది, బజారు ఊపి చూపించినట్టే ఊగుతుంది, అచ్చం అలాగే. బాపు కళ్ల ముందు. నవ్వితే ఈ పెట్టె ముఖం మళ్లీ చూడను, మాటంటే మాట. భయం, ఇది భయమే, కాదనను. కానీ దుఃఖముంటే ఈ చేతిలో ఉండాలె అంది అమ్మ, కట్టేసిన చేతిలో ఏముంటుంది? పోతే నా వాయింపే పోవాలి, ఇంకెవరిదో వాయించి గెలిచి నేనేం చేసుకోను? దస్తీ విప్పి, సింహం మెడకు చుట్టి, పళ్లతో లాగి గట్టిగా ముడేశాను. సింహానికి ఒక్కదానికే. గుమ్మం దగ్గర నుంచి మాస్టర్ సాబ్ ఆ మసకలో నేను ముడెయ్యడం మాత్రం చూసి, చెయ్యి కట్టుకున్నాననుకుని తృప్తిగా తల ఊపాడు. పాపం అనిపించింది.

ఫ్యాన్లు కదిలాయి. ఎర్ర దీపం వెలిగింది. "వచ్చింది, వచ్చింది" అని జనం తోసుకుంటూ లోపలికి వస్తున్నారు, వాన చినుకుల వాసన వాళ్ల వెంట వచ్చింది. రాజేశ్వర్ రావు గారు కూర్చుంటూ, "ఇంకా లేవనే లేదా తల్లీ నువ్వు" అని, "సరే, వయొలిన్ వెట్టు. దుఃఖం పాట" అన్నారు. నాకు తెలిసిన దుఃఖం అమ్మ హారతిలోనే ఉంది. కుడి చేయి మెట్ల మీదికి, ఎడమ చేయి మీట మీదికి. స్వరం ఉందో లేదో తెలియనంత సన్నగా మొదలుపెట్టాను, తెరిచాను, నిండుతూ వచ్చింది, హాలు గోడల దాకా వచ్చింది, మూశాను.

ఎవరో కిసుక్కున నవ్వారు. తెలుసు. ఇంకెవరో "గాలి" అన్నారు. తెలుసు. వాయిస్తున్నాను. "ఆ చెయ్యి ఏందమ్మా?" రాజేశ్వర్ రావు గారి గొంతు. "కార్డు పట్టు. మెట్ల మీదికి తే చెయ్యి." వేళ్లు ఆపకుండానే అన్నాను, "పాట అయినంక చెప్పుండి సార్." "పందిరిల జనం నవ్వుతరు బిడ్డా!" "నవ్వనీయుండి. నాకేం కొత్త కాదు." నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మోచెయ్యి సింహానికి తగిలింది, స్వరం తుళ్లిపడింది, పంటి బిగువున మళ్లీ పట్టుకున్నాను. రెండో చరణం. అమ్మ ఇక్కడ ఊపిరి తీసుకుంటుంది, వేళ్లన్నీ ఎత్తాను. ఇక్కడ గొంతు బరువెక్కుతుంది, మీటను ముందుకు జరిపాను. మళ్లీ తగిలింది. నవ్వు ఎప్పుడు ఆగిందో చూడలేదు. చివరి స్వరం మీద వేలు ఉంచి, మీటను మెల్లగా, తిత్తిలో ఉన్న ఆఖరి గాలి పోయేటట్టు, వెనక్కి లాగాను. అది వెళ్లిపోయింది. ఫ్యాన్ల చప్పుడు మిగిలింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మొగిలయ్య మాత్రం తబలా మీద రెండు చేతులూ ఆనించి, తల దించుకుని కూర్చున్నాడు.

వెనక వరసలో తాళాల గుత్తి చప్పుడైంది. బాపు లేచాడు. పోతున్నాడు, అయిపోయింది అనుకున్నాను. పోలేదు. కుర్చీల మధ్యలోంచి ముందుకు వచ్చాడు, బజారు మనుషులు ఇద్దరు ముగ్గురు ఉన్నారు, వాళ్ల ముందు నుంచే. వేదిక కింద నిలబడ్డాడు. నా వైపు చూడలేదు, కుర్చీ చూశాడు. చిరిగిన థాన్ అంచు చూసినట్టు అటూ ఇటూ చూసి, "రావు సాబ్, ఈ కుర్చీ తీపియ్యుండి" అన్నాడు. "చేతులు లేనిది ఏపియ్యుండి. పిల్ల మోచెయ్యి తగులుతాంది. రెండు జాగలల్ల పాట తెగింది."

"నేనింకా తీసుకుంటనని అననే లేదు గద సేటూ."

"తీసుకునుడు మీ ఇష్టం. అడ్డమున్న కుర్చీల కూసోవెట్టి ఇని చెప్తానంటే ఎట్ల? కుర్చీ మార్చి మల్ల ఇనుండి. నేను కూసుంట, నాకేం తొందర లేదు."

రాజేశ్వర్ రావు గారు బాపును చూశారు, నన్ను చూశారు, నా ఎడమ చేతిని చూశారు. తర్వాత "మొగిలయ్యా, నీ స్టూలు ఇయ్యి" అన్నారు. మొగిలయ్య స్టూలు తెచ్చి వేసి, "ఇయ్యాల నా ఒళ్లె మాత్రం ఎయ్యకు బిడ్డా" అన్నాడు. ఈసారి నేనే నవ్వాను, అందరి కంటే గట్టిగా. ఇద్దరు మనుషులు పట్టుకుని పెళ్లికొడుకు కుర్చీని పక్కకు మోసుకుపోయారు, సింహం మెడలో నీలం గళ్ల దస్తీ ఊగుతూ పోయింది. మాస్టర్ సాబ్ దాన్ని అప్పుడు చూశాడు, నుదురు కొట్టుకుని కూర్చున్నాడు, కానీ విప్పడానికి మాత్రం లేవలేదు. బాపు ఇప్పుడు మొదటి వరసలో ఉన్నాడు, తాళాల గుత్తి జేబులో పెట్టేశాడు, రెండు చేతులూ ఖాళీ. స్టూలు మీద కూర్చున్నాను. ఎడమ చేయి చాపి చూశాను, వెనక్కి లాగి చూశాను. ఏమీ తగల్లేదు. మొదలుపెట్టాను.